రెండు పన్నులు: గాంధీజీ దక్షిణాఫ్రికా గ్రంథంపై ఒక విమర్శ

గాంధీజీ ‘ఆత్మకథ’కు భారతీయ భాషలన్నిటిలోను లభించిన ఆదరణ ఆయన ‘దక్షిణాఫ్రికా సత్యాగ్రహ చరిత్ర’కు లభించలేదు. మొదటిది ఒక మనిషి అంతరంగ చరిత్ర. రెండవది ఒక జనసముదాయం చరిత్ర. పాఠకులు సహజంగానే మొదటిదానివైపు మొగ్గినారు. అయినప్పటికీ, జాతివివక్ష అనే వ్యవస్థ ఎట్లా పనిచేస్తుందో, దాని క్రింద బ్రతికే సముదాయాలను ఎట్లా మలచుతుందో తెలిసికొనదలచినవారికి ఈ రెండవ గ్రంథమే ఎక్కువ ఉపకరిస్తుంది.

1923 నవంబరులో ఎరవాడ కారాగారంలో ఈ రచన ఆరంభమైనది. గాంధీజీ చెప్పుచుండగా ఇందులాల్ యాజ్ఞిక్ వ్రాసికొన్నారు. గణనీయమైన భాగం జైలులోనే పూర్తి కాగా, 1924 ఫిబ్రవరిలో విడుదలైన తరువాత మిగిలిన ప్రకరణాలు తయారైనవి. గుజరాతీ మూలం 1924, 1925 సంవత్సరాలలో రెండు భాగాలుగా వెలువడినది. వాల్జీ గోవింద్‌జీ దేశాయి చేసిన ఆంగ్లానువాదం 1928లో మద్రాసునుండి ప్రకటితమైనది. ఎదుట ఆధారగ్రంథాలు లేకుండ, ముఖ్యంగా జ్ఞాపకశక్తినే నమ్ముకొని చెప్పిన కథ ఇది. అట్టి కథలో ఏది నిలిచినదో, ఏది జారిపోయినదో పరిశీలించడం విమర్శకుని ధర్మం.

గ్రంథారంభం పాఠకుడు ఎదురుచూచిన విధంగా ఉండదు. భారతీయుల కష్టాలతో కథ మొదలు కాదు. ముందుగా ఆ దేశపు నైసర్గిక స్వరూపం, పిదప అక్కడి మూలవాసులు, ఆ తరువాతనే వలస వచ్చిన డచ్చివారు, ఆంగ్లేయులు ప్రవేశిస్తారు. జూలూల దేహదారుఢ్యాన్ని, నిండైన విగ్రహాన్ని గాంధీజీ ప్రశంసించినారు. తెల్లని చర్మమే అందమనే భ్రమను విడిచి చూచినవారికి వారి సౌందర్యం గోచరిస్తుందని వారి అభిప్రాయం. మాటలు అచ్చుతో ముగియడం వల్ల జూలూ భాష వినుటకు ఇంపుగా ఉంటుందని కూడ వారు గమనించినారు. తమ భాష అజంతమని గర్వించే తెలుగువారికి ఈ పరిశీలన ఎంతో దగ్గరగా తోస్తుంది.

ఆ తొలి పుటలలో విమర్శకుని దృష్టిని ఆకర్షించవలసిన విషయం మరొకటి ఉన్నది. జూలూల మీద తలపన్ను, గుడిసెపన్ను ఎందుకు వేసినారు? పొలము, పశువులు, గుడిసె ఉన్న రైతు సంతోషంగా భూగర్భంలోకి దిగి పరులకొరకు బంగారం త్రవ్వడు. అతనికి డబ్బుతో పని లేదు. డబ్బు రూపంలోనే చెల్లించవలసిన పన్ను వేస్తే పని కలుగుతుంది. పన్ను చెల్లించుటకు కూలి కావాలి. కూలి కావలెనంటే గనిలోకి దిగాలి. దొరతనంవారు దీనిని ఆ జనానికి శ్రమ విలువను నేర్పే విద్య అన్నారు. గాంధీజీ ఆ ముసుగును తీసివేసి, పన్ను లేనియెడల ఆ రైతులు గనులవైపు రారని నిష్కర్షగా చెప్పినారు. గనిపని వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బును, ఆ జబ్బు ప్రాణాంతకమన్న సంగతిని గూడ పేర్కొన్నారు.

ఇక్కడ గాంధీజీ చేసినది చిన్న పని కాదు. జాతివివక్షను సాధారణంగా ద్వేషంగా వర్ణిస్తారు; అది కొందరి మనస్సులోని దుర్గుణమని, మంచి మాటలతో మాన్పవచ్చునని భావిస్తారు. ఈ పుటలలో అది ద్వేషం కంటె ముందు ఒక ఏర్పాటుగా కనిపిస్తుంది. భూమి గలవానిని కూలివానిగా మార్చుటకు ఒక పన్ను, ఆ కూలివానిని కదలకుండ కట్టివేయుటకు ఒక చీటీ, వానిని తక్కువవానిగా చూపుటకు ఒక పేరు. ఈ మూడూ సమకూడిన తరువాత ద్వేషం తనంతట తానే పెరుగుతుంది.

ఇదే సూత్రం భారతీయుల విషయంలో ఎట్లా పనిచేసినదో తరువాతి ప్రకరణాలు చూపిస్తాయి. మద్రాసులో బయలుదేరిన ‘ట్రూరో’ అనే ఓడ 1860 నవంబరు 16వ తేదీన డర్బను రేవు చేరినది. నాటినుండి 1911 వరకు సుమారు 1,52,000 మంది భారతీయులు ఒప్పందపు కూలీలుగా నేటాల్ చేరినారు. వారిలో అధికసంఖ్యాకులు మద్రాసు రేవునుండి వెళ్లిన తమిళులు, తెలుగువారు. ఐదేండ్ల ఒప్పందం. మొదటి ఏడు నెలకు పది షిల్లింగుల జీతం, ఆపై ఏటేట ఒక్కొక్క షిల్లింగు పెరుగుదల. చెరకుతోటలలో ఒళ్లు వంచి పనిచేసి, గడువు తీరిన పిమ్మట కొందరు చిన్న కమతాలు చేసికొని కూరగాయలు పండించినారు, కొందరు దుకాణాలు పెట్టినారు. తెల్లవారికి కావలసినది కూలి, పొరుగువాడు కాదు. కనుక 1895లో నేటాల్ ప్రభుత్వం మరొక పన్నును కనిపెట్టినది. గడువు తీరినవాడు స్వదేశానికైనా పోవాలి, మరల ఒప్పందంలోనైనా చేరాలి. రెండూ కాదంటే ఏటా మూడు పౌనులు చెల్లించాలి. భార్యకు గూడ అంతే. పదునారేండ్లు దాటిన కొడుకుకు, పదమూడేండ్లు దాటిన కూతురుకు గూడ అంతే. నలుగురున్న కుటుంబం ఏడాదికి పన్నెండు పౌనులు కట్టవలసి వచ్చినది. ఒప్పందం చివరి ఏట గూడ కూలివాని జీతం నెలకు పదునాలుగు షిల్లింగులే. అనగా ఏడాది సంపాదన తొమ్మిది పౌనులకు లోపు.

రెండు పన్నులను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. ఒకటి జూలూ రైతును పొలంనుండి గనికి నెట్టినది. రెండవది భారతీయ కూలీని పొలంలో నిలువనీయక తిరిగి తోటలోకి నెట్టినది. పన్ను వేసినవారు ఒకరే, ఉద్దేశం ఒకటే. ఈ పోలికకు కావలసిన సామగ్రి అంతా గ్రంథంలోనే ఉన్నది. కాని, గ్రంథకర్త ఆ రెండింటిని ఒకచోట చేర్చలేదు.

పేరు విషయం గూడ ఇంతే. దక్షిణాఫ్రికాలో భారతీయులందరు ‘కూలీ’లే. వర్తకుడు కూలీ వర్తకుడు, న్యాయవాది కూలీ న్యాయవాది. దక్షిణాదివారి పేర్ల చివర ఉండే ‘స్వామి’ అన్న గౌరవపదం అక్కడ ‘సామీ’ అనే తిట్టుగా మారినది. ఈ అవమానం భారతీయులను ఎంతగా బాధించినదో గాంధీజీ హృదయానికి హత్తుకొనునట్లు చెప్పినారు. కాని అవమానానికి లోనైనవాడు రెండు విధాలుగా ప్రతిఘటింపవచ్చును. ‘మనిషిని ఆ పేరుతో పిలువరాదు’ అనవచ్చును. ‘నన్ను ఆ పేరుగలవారితో జమకట్టరాదు’ అనవచ్చును. 1890 ప్రాంతాలనుండి 1908 వరకు గాంధీజీ సమర్పించిన విజ్ఞప్తులలో, ప్రసంగాలలో, జైలు అనుభవాల రచనలలో రెండవ స్వరం తరచుగా వినిపిస్తుంది. భారతీయులను ఆఫ్రికనుల స్థాయికి దించుతున్నారన్నది నాటి ఫిర్యాదు. ఆఫ్రికనులను గూర్చి ఆ కాలపు తెల్లవారు వాడిన హీనపదాన్నే వారూ వాడినారు. ఇది దాచవలసిన విషయం కాదు, దాచుటకు వీలైనదీ కాదు. వారి సంపూర్ణ రచనల సంపుటాలలో అచ్చయి ఉన్నది. 1923లో గ్రంథం చెప్పే వేళకు ఆ స్వరం చాలవరకు మారినదనుటకు జూలూలను గూర్చిన తొలి పుటలే నిదర్శనం. 1908 మే నెలలోనే జోహాన్నెస్‌బర్గులో ప్రసంగిస్తూ, వివిధ జాతులు కలిసిమెలిసి ఒక నూతన నాగరకతను నిర్మించే భవిష్యత్తును వారు ఆశించినారు. మనిషి ఎదిగినాడు, కాని గ్రంథనిర్మాణం ఆ ఎదుగుదలకు పూర్తిగా అనుగుణంగా లేదు.

ఈ లోపం 1906వ సంవత్సరపు కథనంలో స్పష్టంగా బయటపడుతుంది. 1905లో నేటాల్ ప్రభుత్వం ఒక పౌను తలపన్ను విధించినది. మరుసటి ఏడు దానిని వసూలుచేయబోగా బంబాథా నాయకత్వాన జూలూలు తిరుగబడినారు. మూడువేలమందికి పైగా జూలూలు హతులైనారు. గాంధీజీ ఒక చిన్న భారతీయ దళంతో ప్రభుత్వపక్షాన క్షతగాత్రుల సేవకు వెళ్లినారు. తెల్లవారు ముట్టుకొనని జూలూల గాయాలను ఆ దళమే కడిగి కట్టినది. అది యుద్ధం కాదు, మనుష్యుల వేట అని ‘ఆత్మకథ’లో వారే వ్రాసినారు. ఇట్టి అనుభవం తరువాత ఏ రచయితయైనా ఒక ప్రశ్న వేయవలసి ఉన్నది: తలపన్నును ఎదిరించినందుకు వీరికి ఈ గతి పట్టినది గదా, మరి మూడు పౌనుల పన్ను క్రింద నలుగుతున్న మనవారికి, వీరికి ఏమి సంబంధం?

ఆ ప్రశ్న రాలేదు. సేవాదళం పని ముగించుకొని తిరిగివచ్చిన గాంధీజీ 1906 ఆగస్టు 22వ తేదీ నాటి ట్రాన్స్‌వాల్ ప్రభుత్వ గెజెట్టులో ఏషియావాసులను గూర్చిన శాసనపు ముసాయిదాను చదివినారు. పది వ్రేళ్ల ముద్రలు, ఎల్లవేళలా వెంట ఉంచుకొనవలసిన పత్రం, పోలీసువాడు అడిగినప్పుడు చూపకపోతే శిక్ష. సెప్టెంబరు 11న జోహాన్నెస్‌బర్గు ఎంపైర్ నాటకశాలలో భారతీయులు ఆ శాసనానికి లోబడమని ప్రతిజ్ఞ చేసినారు. సత్యాగ్రహం పుట్టినది. ఆ క్షణంనుండి కథ వేగం పుంజుకొంటుంది. ఆ క్షణంలోనే జూలూ కథలోనుండి తప్పుకొంటాడు. అటుపై అతడు జైలు వార్డరుగానో, తోటి ఖైదీగానో, దారిప్రక్క మనిషిగానో తప్ప కనిపించడు. చీటీ లేకుండ స్వదేశంలోనే అడుగు కదపలేని ఆఫ్రికను ఆ కొత్త శాసనం భారతీయునికి విధించిన బ్రతుకును ఏనాడో అనుభవిస్తున్నాడన్న మాట ఆ ఆవేశభరితమైన ప్రకరణాలలో ఒక విషయంగా ఎదగదు.

ఇది కేవలం విస్మరణ అనుకొనరాదు. సత్యాగ్రహ సిద్ధాంతంలోనే దీనికి ఒక మూలం ఉన్నది. సత్యాగ్రహి అడిగే కనిష్ఠమే అతని గరిష్ఠమని గాంధీజీ ఈ గ్రంథంలో ప్రతిపాదించినారు. పోరాటం మధ్యలో బలం పెరిగినదికదా అని కోరికలు పెంచరాదు. చేతకానప్పుడు తగ్గించనూ రాదు. ఈ నియమం సత్యాగ్రహానికి నైతికబలాన్ని ఇచ్చినది. ఎదుటిపక్షానికి నమ్మకం కలిగించినది. కాని ఏ నియమం కోరికను ఇరుకుచేసి పదును పెట్టినదో, ఆ నియమమే పోరాటం తలుపును గూడ ఇరుకు చేసినది.

ఆ తలుపు ఒక్కసారి తెరచుకొన్నది. గ్రంథంలోని మహోన్నతభాగం అదే. 1912లో గోఖలే దక్షిణాఫ్రికా పర్యటించి, మూడు పౌనుల పన్ను రద్దవుతుందని మంత్రులవలన విని వచ్చినారు. ప్రభుత్వం ఆ మాట తప్పినది. గోఖలేకు జరిగిన వాగ్దానభంగం భారతజాతికి జరిగిన అవమానం గనుక, ఆ పన్నును పోరాటంలో చేర్చడం కోరిక పెంచడం కాదని గాంధీజీ సమర్థించినారు. 1913 మార్చిలో న్యాయమూర్తి సర్ల్ ఇచ్చిన తీర్పు క్రైస్తవేతర వివాహాల సాధుత్వాన్నే ప్రశ్నించగా స్త్రీలు ముందుకు వచ్చినారు. వారి పిలుపు విని న్యూకాజిల్ బొగ్గుగనులలోని కూలీలు సమ్మె చేసినారు. నవంబరు 6న 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు ట్రాన్స్‌వాల్ సరిహద్దువైపు నడిచినారు. జైలులో జబ్బుపడి, విడుదలైన తరువాత 1914 ఫిబ్రవరిలో మరణించిన పదునారేండ్ల వల్లియమ్మను గూర్చిన పుటలు కంట తడి పెట్టించని పాఠకుడు ఉండడు. తంబి నాయుడు చిత్రణ మరొక ఆణిముత్యం. మారిషసులో జన్మించి, బడిచదువు లేకుండానే ఇంగ్లీషు, తమిళం, హిందూస్తానీ నేర్చి, కొంత తెలుగు గూడ తెలిసిన ఆ తమిళ వర్తకుని ధైర్యసాహసాలను గాంధీజీ ముక్తకంఠంతో కొనియాడినారు. వర్తకుల హక్కులతో మొదలైన పోరాటం కూలీల పోరాటమైనది. 1914లో పన్ను రద్దయినది.

ఒకసారి తెరచుకొన్న తలుపు రెండవసారి ఎందుకు తెరచుకొనలేదన్నదే విమర్శకు అసలు ప్రశ్న. ఎందుకనగా ఆ 1913 జూన్‌లోనే, ఆ ప్రభుత్వమే, మూలవాసుల భూమి శాసనాన్ని చేసినది. దేశంలోని భూమిలో సుమారు ఏడు శాతం మాత్రం ఆఫ్రికనులకు కేటాయింపబడినది. మిగిలినదానిలో వారికి భూమి కొనే హక్కు లేదు. తెల్లవారి పొలాలలో పాలుకు సాగుచేసికొంటున్న కుటుంబాలు పశువులతో సహా రోడ్డున పడినవి. ఆ సంగతి లోకానికి తెలిపిన గ్రంథం సోల్ ప్లాట్యే వ్రాసిన ‘నేటివ్ లైఫ్ ఇన్ సౌతాఫ్రికా’. 1912లో స్థాపితమైన ఆఫ్రికనుల జాతీయ కాంగ్రెసుకు అతడు తొలి కార్యదర్శి. 1916లో లండనులో ఈ పుస్తకం ప్రచురించినాడు. కాలుమోపే చోటు లేని ఒక కుటుంబం, దారిలో చనిపోయిన బిడ్డను రాత్రివేళ పరులభూమిలో దొంగచాటుగా పూడ్చిన ఘట్టం అందులో ఉన్నది. ఆ కాంగ్రెసు తొలి అధ్యక్షుడు జాన్ డ్యూబే. అతడు నడిపిన ఓహ్లాంగే విద్యాలయం, గాంధీజీ 1904లో స్థాపించిన ఫీనిక్స్ ఆశ్రమం ఇనాండా ప్రాంతంలో ఇరుగుపొరుగున ఉండినవి.

గాంధీజీ గ్రంథాన్ని, ప్లాట్యే గ్రంథాన్ని ఒకదాని వెంట ఒకటి చదివినవారికి వింత అనుభవం కలుగుతుంది. దేశం ఒకటి, ఏడు ఒకటి, మంత్రులు వారే. రెండింటిలోను నడుస్తున్న జనం ఉన్నారు. రెండింటిలోను చనిపోయిన బిడ్డలున్నారు. అయినా ఒక పుస్తకంలోని మనుష్యులకు రెండవ పుస్తకంలోని మనుష్యులతో మాటామంతీ లేదు. జాతివివక్ష సాధించిన అతిపెద్ద విజయం ఇదేనని చెప్పవచ్చును. అది మనుష్యులను తెల్లవారు, నల్లవారు అని రెండుగా మాత్రమే చీల్చదు. అణగినవారిని గూడ అరలు అరలుగా చేసి, ఎవరి అరలోనుండి వారు మాత్రమే మొర పెట్టుకొనే అలవాటు కలిగిస్తుంది. ఆ అలవాటు ఎంత బలమైనదంటే, వ్యవస్థ గుట్టు విప్పిన గ్రంథకర్త చేతిని గూడ అది పట్టుకొన్నది.

దీనికి సమాధానం చెప్పేవారు లేకపోలేదు. భారతీయులు అక్కడ కొద్దిమంది. వారికి చట్టరీత్యా వేరు హోదా ఉన్నది. ఆఫ్రికనుల నాయకులు గూడ తమ పోరాటాన్ని తామే నడుపుకొనదలచినారు. గాంధీజీ వారి ప్రతినిధిగా మాట్లాడితే అది మరొక అహంకారం అయ్యేది. ఈ వాదంలో బలమున్నది. కాని ప్రతినిధిగా మాట్లాడడం వేరు, చరిత్రకారుడుగా చూడడం వేరు. మొదటిది చేయనందుకు ఎవరినీ తప్పు పట్టనక్కరలేదు. 1923లో, వెనుకకు తిరిగి చూచే వేళ, రెండవది చేయుటకు అడ్డు ఏమీ లేదు. తొలి పుటలలో చేసినారు గూడ.

గాంధీజీ ఆలోచన ఆ గ్రంథంతో ఆగలేదు. 1936లో తమను చూడవచ్చిన అమెరికా నల్లవారితో, అహింసా సందేశం కల్తీలేకుండ లోకానికి అందేది బహుశః వారివలననే అన్నారు. 1939లో దక్షిణాఫ్రికానుండి వచ్చిన ఒక ఆఫ్రికను మతాచార్యునితో ఉమ్మడి పోరాటం వద్దని చెప్పుచూనే, భూమిపుత్రులైన ఆఫ్రికనుల సమస్య భారతీయుల సమస్యకంటె ఎంతో పెద్దదని ఒప్పుకొన్నారు. 1947 మార్చిలో డాక్టర్లు జూమా, నాయికర్, దాదూ ఆఫ్రికను, భారతీయ కాంగ్రెసుల సహకారానికి ఒడంబడిక చేసికొన్నారు. ఆ ఏడే గాంధీజీ పీడిత జాతుల రాజకీయ సహకారాన్ని, అది సత్యాహింసలపై నిలిచినయెడల, ఆశీర్వదించినారు. 1906లో రాని ప్రశ్నకు జవాబు నలుబది ఏండ్లకు వచ్చినది.

ఆలస్యానికి మూల్యం సముదాయాలు చెల్లించినవి. 1949 జనవరిలో డర్బనులో ఒక దుకాణం దగ్గర రేగిన చిన్న తగవు నగరాన్ని మంటలపాలు చేసినది. ప్రభుత్వపు లెక్క ప్రకారం 142 మంది మరణించినారు. వారిలో 87 మంది ఆఫ్రికనులు, 50 మంది భారతీయులు. భారతీయుల దుకాణాలు, బస్సులు, కేటో మేనర్‌లో గుడిసెల అద్దెలు ఆఫ్రికను కండ్లకు కనిపించినవి. తనకు వర్తకం, భూమి దక్కనీయని చట్టం కనిపించనంత దూరంలో ఉన్నది. మరుసటి ఏడే ప్రభుత్వం నివాసప్రాంతాల విభజన శాసనం చేసి, ఇద్దరినీ ఆ కేటో మేనర్‌నుండి వెళ్లగొట్టినది. ఆ పోయిన వాడకట్టును రోనీ గోవెండర్ 1996లో ప్రకటించిన కథల సంపుటి సాహిత్యంలో నిలిపి ఉంచినది. 1976లో భారతీయులకు ప్రత్యేకించి కట్టిన ఒక వాడకు ఫీనిక్స్ అనే పేరు వచ్చినది. ఆశ్రమం పేరు అరకు పేరైనది. 1985లో జరిగిన అల్లర్లలో ఆ ఆశ్రమం తగులబడినది. శాసనం 1991లో రద్దయినది. 1994లో అందరికీ ఓటు వచ్చినది. కాని వాడలు వాడలుగానే ఉన్నవి. 2021 జూలైలో దోపిడులు చెలరేగినప్పుడు ఫీనిక్స్ వీధులలో కావలి కాచినవారికి, ఆ వీధుల గుండా వెళ్లినవారికి నడుమ జరిగిన హింసలో, అధికారుల లెక్క ప్రకారం, 36 మంది చనిపోయినారు. వారిలో అత్యధికులు నల్లవారు.

ఇట్టి వార్తలు వచ్చినప్పుడు గాంధీజీని గూర్చి రెండు రకాల తీర్పులు వెలువడుతుంటాయి. ఘానా విశ్వవిద్యాలయంలో 2016లో నిలిపిన ఆయన విగ్రహాన్ని 2018 డిసెంబరులో తొలగించినారు. ఆయన తొలినాటి మాటలు చదివి నొచ్చుకొన్న ఆఫ్రికను అధ్యాపకుల, విద్యార్థుల బాధను తేలికచేయరాదు. మరొకవైపు భారతదేశంలో పలువురు ఆ మాటలనే ఎత్తరాదంటారు. విగ్రహాన్ని నిలిపినా తీసివేసినా గ్రంథం చదివినట్లు కాదు. చదివినవారికి తెలిసేది వేరు. ఈ గ్రంథాన్ని విమర్శించుటకు కావలసిన కొలమానం వెలుపల వెదకనక్కరలేదు. అది మొదటి ప్రకరణాలలోనే ఉన్నది. జూలూ గుడిసెపన్నును గూర్చి గాంధీజీ చెప్పినదానిని మూడు పౌనుల పన్నుదాక, వ్రేలిముద్రల పత్రందాక, భూమి శాసనందాక పొడిగించి చదివితే చాలును.

ట్రూరో ఓడలోను, ఆ తరువాతి ఓడలలోను వెళ్లిన తెలుగు కుటుంబాల వారసులు నేడు డర్బనులో ఉన్నారు. వారి ఆంధ్ర మహాసభ 1931నుండి తెలుగు నేర్పుతున్నది. తాతముత్తాతలు కట్టిన మూడు పౌనుల పన్ను వారి ఇండ్లలో చెప్పుకొనే కథ. పొరుగున జూలూ ఇంట మరొక పన్ను కథ ఉన్నది. ఆ రెండూ ఒక్క ఖజానాకే చేరినవన్న సంగతి రెండు ఇండ్లలోను తెలిసిననాడు ‘దక్షిణాఫ్రికా సత్యాగ్రహ చరిత్ర’ పూర్తి అవుతుంది.